ఎర్త్ పట్టీ

రాయగడలో రైలుగేటు దాటాక
ఎడమచేతి వైపు మూడో రేకుల షెడ్డు నాది.
'సెల్ఫ్, డైనమో, వైరింగు' అని
పైన ఒడియాలో, కింద తెలుగులో
ఒకే పెయింటరు రాశాడు.
రెండిట్లోనూ తప్పులున్నాయి.

బిస్సంకటక్ నుంచి వానలో వచ్చింది
కోరాడ సుమిత్రమ్మ, రిటైరైన నర్సు,
తొంభయ్యేడు మోడల్ మారుతీని
తనే తోలుకుంటూ.
"మళ్ళీ పడుకుండిపోతంది బాబూ" అంది.

ఇది మూడో బ్యాటరీ.
రెండోదీ మూడోదీ నేనే అమ్మాను.
గ్యారంటీ కార్డు మీద నా సంతకం
ఇంకా నీలంగానే ఉంది.

మీటరు పెట్టాను.
ఇంజను ఆపితే పన్నెండున్నర. బాగుంది.
నడిపితే పదమూడూ తొమ్మిది. అదీ బాగుంది.
డాక్టరు గుమ్మం ఎక్కగానే
పిల్లాడి దగ్గు ఆగిపోతుంది చూడండి, అలాగ.
బెల్టుని బొటనవేలితో నొక్కాను, బిగువుగానే ఉంది.
ఆల్టర్నేటరు విప్పితే
బ్రష్షులు ఇంకో ఏడాదికి సరిపడా ఉన్నాయి.

"అంతా బాగానే ఉందమ్మా" అనబోయి
నాలిక కరుచుకున్నాను.
ఈ మాట రెండుసార్లు అనే
రెండు బ్యాటరీలు అమ్మాను.

ఆమె స్టూలు మీద కూచుని చీర కొంగు పిండుకుంటూ
"ఎండపూట దీనికే రోగమూ లేదు.
వానా రాత్రీ కలిసినప్పుడే,
లైట్లూ వైపరూ ఏస్తే
ఆ ఎర్ర దీపం పల్చగా మినుకుతాది" అంది.
కాసేపాగి,
"కాశీపురంలో ఓ పిల్ల ఉండీది.
రక్తం లేదని సీసా ఎక్కించీవోళ్ళం.
రెండు నెల్లకి మళ్ళీ సున్నంలా వచ్చీది.
మూడో సీసాకి గానీ తెలీలేదు,
కడుపులో కొంకి పురుగులని."

నేను తల ఎత్తలేదు.

లైట్లు వేశాను. వైపరు వేశాను.
గాలి ఫ్యాను, హారను, ఉన్నవన్నీ.
ఆల్టర్నేటరు దగ్గర పుడుతున్నది పద్నాలుగూ రెండు.
బ్యాటరీకి చేరుతున్నది పన్నెండూ ఆరు.
దారిలో ఒకటీ ఆరు ఎవరు తింటున్నారు?

ఎర్ర తీగ పొడుగునా ముల్లు ఆనించి చూశాను.
పాయింటు ఒకటి. అది నిర్దోషి.
ముప్పయ్యేళ్ళుగా నేను వెతికేది ఆ తీగే,
కరెంటు వెళ్ళే దారి.
తిరిగొచ్చే దారి కూడా ఒకటుంటుందని
గురువు చెప్పినప్పుడు
బీడీ కోసం బయటికెళ్ళినట్టున్నాను.

ఇంజను ఒంటి మీద ఒక ముల్లు,
బ్యాటరీ మైనస్ మీద ఒకటి.
ఒకటీ అయిదు.

బ్యాటరీ తట్ట కిందనుంచి ఎర్త్ పట్టీ ఊడదీశాను.
పైన నల్లతొడుగు నిగనిగలాడుతోంది.
చీరితే, జడలా అల్లిన రాగి
పచ్చటి పొడై అరచేతిలో రాలింది.
మిగిలినవి ఏడు పోగులు.
పగటి బరువు అవే మోశాయి,
రాత్రి బరువుకి చేతులెత్తేశాయి.

కొత్త పట్టీ, రెండు బోల్టులు,
కింద రంగు గీకి మెరిసేదాకా గరుకు కాగితం.
మళ్ళీ అన్నీ వేసి చూశాను.
పద్నాలుగూ ఒకటి. కదల్లేదు.
ఎర్త్ మీద సున్నా పాయింటు సున్నా రెండు.
ఉత్త సున్నా ఎవరికీ రాదు.

"ఎంత?"
"తొంభై."
నూరు తీసి ఇచ్చింది. చిల్లర అడగలేదు.
బ్యాటరీల సంగతీ అడగలేదు.

వాన తగ్గేదాకా అని ఎదుటి వరసలోకి
బరాటం వాళ్ళ బజ్జీల బండి దగ్గరికి వెళ్ళింది.
మూకుడు మీద వేలాడుతున్న బల్బు కింద నిలబడింది.
ఆ బల్బుని వెలిగించేది
చచ్చిపోయిందని చెప్పి
పాత ఇనుము ధరకి నేను తీసుకున్న
ఆమె రెండో బ్యాటరీ.
కరెంటు పోయిన ప్రతి సాయంత్రం
ఏడాదిన్నరగా అక్కడే వెలుగుతోంది.

చేతులు తుడుచుకుని రోడ్డు దాటాను.
చెప్పాను.
వేడి బజ్జీ ఊదుకుంటూ
ఆమె పైకి చూసింది, చాలాసేపు.
"మంచి ఎలుగే ఇస్తందే" అంది.